మన తాతలు అడిగి బతికారు

ఈమధ్య భీమిలిలో ఒక పెద్దకర్మకు వెళ్లాను. పోయినాయన చిట్టివలస జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. వీధి మొగలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. భోజనాలకు ముందు మనవడు మైకు పుచ్చుకుని, ‘‘మా తాత ఎవరినీ ఏదీ అడగలేదు. తలవంచుకుని తన పని తాను చేసుకుపోయాడు. ఇప్పటివాళ్లలాగా జెండాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చోలేదు’’ అన్నాడు. ఆ మాట, ఫ్యాక్టరీని అమ్మొద్దని కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్న విశాఖ ఉక్కు కార్మికుల మీద విసిరిందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ చల్లారలేదు.

ఆ కుర్రాడొక్కడే అయితే వదిలేద్దును. విశాఖ చుట్టుపక్కల ఏ తాత పోయినా ఇదే పాట. నోరెత్తనివాడు, ఇల్లు తప్ప లోకం తెలియనివాడు, చెమటోడ్చి పిల్లల్ని పైకి తెచ్చినవాడు. పోర్టులో బరువులు మోసినవాడికీ, షిప్‌యార్డులో వెల్డింగు చేసినవాడికీ, మిల్లులో గోనెపట్టా నేసినవాడికీ ఒకే పొగడ్త. పచ్చి అబద్ధం ఇది. పైగా చచ్చిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకుని బతికున్న కార్మికుణ్ణి కొట్టే అబద్ధం.

మా తాతదీ ఆ చిట్టివలస మిల్లే. మగ్గాల దగ్గర పని. గోగునారకు నూనే నీళ్లూ పట్టించి మెత్తబరిచి, దువ్వి, వడికి, నేసి, సంచులు కుట్టేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఏ చోట దుమ్ము ఎక్కువో, ఏ చోట హోరు ఎక్కువో ఆయన చెబుతుంటే వినాలి. రాత్రి షిఫ్టు దిగి వచ్చి, తలకు నీళ్లు పోసుకుని, మమ్మల్ని బడికి దిగబెట్టాకే పడుకునేవాడు. ఇల్లంటే ఆయనకు ప్రాణం. అదే మనిషి గేటు మీటింగంటే అందరికంటే ముందుండేవాడు. బోనస్ కోసం సమ్మె కట్టిన రోజుల్లో మామ్మ గంజి కాచింది గానీ, వెనక్కి రమ్మని ఒక్కనాడూ అనలేదు. సంసారం మీద ప్రేమ ఉన్నవాడు కాబట్టే ఆయన గేటు ముందు నిలబడ్డాడు. ఈ రెండింటినీ విడదీసే హక్కు మైకు పట్టుకున్నవాళ్లకు ఎవరిచ్చారు?

పోనీ, వాళ్లు పొగిడే ఆ సంసారం దేనిమీద నిలబడిందో చూడండి. వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చింది. ఈఎస్ఐ చట్టమూ ఆ ఏడాదిదే. పీఎఫ్ చట్టం 1952లో, బోనస్ చట్టం 1965లో, గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ తలవంచుకున్నవాడి చేతిలో ఎవరూ జాలిపడి పెట్టలేదు. దేశమంతా మిల్లు గేట్ల దగ్గర, రేవుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అడిగారు, దెబ్బలు తిన్నారు, మళ్లీ అడిగారు. మా పెద్దత్త పెళ్లి పీఎఫ్ లోనుతో జరిగింది. మామ్మకు ఆపరేషన్ ఈఎస్ఐలో జరిగింది. ‘తాత కష్టం’ అని మనం దండం పెట్టేదాంట్లో సగం తాతల సంఘాలు సాధించిన చట్టమే.

ఇక ఉక్కు సంగతి. అడగకపోతే ఈ ఊరికి ఉక్కు ఫ్యాక్టరీ వచ్చేదా? 1966లో అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేసరికి 1990 వచ్చింది. ఆ ఫ్యాక్టరీ కోసం వేల కుటుంబాలు పొలాలు వదులుకున్నాయి. అలాంటి ఫ్యాక్టరీలో నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయిస్తే కార్మికులు రోడ్డు మీద కాక ఎక్కడ కూర్చుంటారు? 1966లో రోడ్డెక్కినవాళ్లూ ఎవరో ఒకరి తాతలేగా!

ఈ పొగడ్తల్లోనే, తాత తనకోసం బతకలేదు పాపం అనే జాలి ఇంకొకటి. నా ఎదుటే ఒకరు ఆ మాటంటే, చిట్టివలసలో ఒక పాత కార్మికుడు గయ్యిమన్నాడు: ‘‘నాను బతకనేదేటి బాబూ? తూర్పు భాగవతం ఆడితే తెల్లార్లూ సూసీవోణ్ని. నా పిల్లల్ని నాను సదివించుకున్నాను. దీన్ని బతుకు కాదంతారేటి?’’ ఆ పెద్దాయనకు నేను కొత్తగా కలపాల్సింది ఏమీ లేదు.

కష్టపడితే పైకొస్తాం అనే నీతికి జవాబు ఇంకా చిన్నది. 2009లో చిట్టివలస మిల్లు లాకౌట్ పడింది. గేటు బయట నిలబడిపోయిన వేలమంది ఆ ఉదయానికి సోమరులైపోయారా?

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. ఎప్పుడో సరుకు కొనడానికి వచ్చి ఇక్కడ పోయినవాళ్ల పేర్లూ తేదీలూ రాతి మీద చెక్కి ఉంటాయి. టూరిస్టులు వెళ్లి ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనివ్వండి. కానీ ఇదే ఊళ్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషిది ఏ సెక్షనో, ఏ పనో సొంత మనవడికి తెలియదు. 1861లోనే మున్సిపాలిటీ అయిన పాత పట్నం మాదని గొప్పలు చెప్పుకుంటాం. ఈ పట్నానికి చెమట పోసినవాళ్ల పనికి మాత్రం ఫ్లెక్సీ మీద ఒక్క వాక్యం చోటు దొరకదు. గులాబీలకూ పావురాలకూ దొరుకుతుంది, రాజకీయ నాయకుడి బొమ్మకు దొరుకుతుంది. నాకు కడుపు రగిలేది ఇక్కడే.

మరేం చేయాలంటారా? ఆ ఫ్లెక్సీ మీదే ఏ మిల్లు, ఏ సెక్షన్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ సంఘమో రాయించండి. తద్దినం నాడు పిల్లల్ని కూర్చోబెట్టి ఆయన చేసిన పనేమిటో చెప్పండి. మిల్లులో పనిచేసినవాళ్లు ఇంకా కొందరున్నారు. ఫోను పట్టుకుని వాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడించి దాచండి. ఎలాగో మీకే తోస్తుంది.

ఇవేవీ చేతకాకపోతే తాత ఫొటోకు దండేసి ఊరుకోండి. ఆయన పేరు చెప్పి, ఇవాళ న్యాయం అడుగుతున్నవాణ్ణి మాత్రం తిట్టకండి. అలా తిట్టే హక్కు ఏ తాతా ఏ మనవడికీ రాసివ్వలేదు.