విమానం గంటలు కాదు, మన ఇంటి కాడి నుంచి గంటలు లెక్కపెట్టాలె

మామునూరు ఎయిర్‌పోర్టు మాట వచ్చినప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సంబురం. "వరంగల్ నుంచి హైదరాబాద్ నలభై నిమిషాలే" అంటున్నరు. మంచిదే. కానీ ఆ నలభై నిమిషాలు ఎవరికి పనికొస్తయో మనం కూడా ఒకసారి లెక్క చూసుకుందాం.

మామునూరు కొత్తది కాదు, నిజాం కాలం నాటిది. 1981 దాకా నడిచి మూతపడ్డది. శంషాబాద్ కట్టినప్పుడు 25 ఏండ్ల దాకా 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు వద్దని ఒప్పందంలో రాసుకున్నరు. ఈ రెండింటి నడుమ గాలిలో కొలిస్తే సుమారు 145 కిలోమీటర్లు. శంషాబాద్ వాళ్లు అభ్యంతరం లేదన్నంకనే 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకున్నది.

ఇప్పుడు మన ముస్తాబాద్ లెక్క. సిద్దిపేట మీదుగ శంషాబాద్‌కు కారులో మూడున్నర, నాలుగు గంటలు. మామునూరు కూడా మనకు దగ్గరేం కాదు, గాలి దూరంలో చూస్తే సుమారు 100 కిలోమీటర్లు. శంషాబాద్ 115 దాకా ఉంటది. పెద్ద తేడా ఏమున్నది? మామునూరు పోయి, గంట ముందు కూసోని, నలభై నిమిషాలు ఎగిరి, శంషాబాద్‌లో దిగి మళ్ల దుబాయ్ విమానం కోసం ఎదురుచూసుడు. దానికన్నా ఇంటి కాడ జీపు ఎక్కితే ముందే చేరుతం.

జగిత్యాల, కోరుట్ల వాళ్ల సంగతి వేరు. వాళ్లకు శంషాబాద్ అయిదు గంటల తొవ్వ, దానితో పోలిస్తే మామునూరు కొంత దగ్గర. కానీ వాళ్లకు కూడా కావల్సింది హైదరాబాద్ విమానం కాదు, నేరుగా దుబాయ్, మస్కట్, దోహా పోయేది. దుబాయ్ రెండున్నర వేల కిలోమీటర్లు, నాలుగు గంటల్లో దించుతరు. మనోడు ఊరి నుంచి విమానం మెట్ల కాడికి చేరడానికే ఎనిమిది గంటలు పడుతున్నది. పోయినోడు పెట్టెలో తిరిగొచ్చిన రోజు ఆ తొవ్వ ఎంత పొడుగైతదో మన ఊర్లల్ల తెల్వనోళ్లు లేరు.

ఇంకో మాట. రన్‌వే పెంచనీకె మామునూరు దగ్గర 253 ఎకరాలు తీసుకోవాలని 2024 నవంబర్‌లో సర్కారు 205 కోట్లు మంజూరు చేసింది. అది మనసొంటి రైతుల భూమి. అంత భూమి తీసుకున్నంక చిన్న విమానాలు హైదరాబాద్‌కు తిప్పితే సరిపోదు. గల్ఫ్ విమానం దిగాలె, విదేశీ ప్రయాణికుల తనిఖీ అక్కడనే కావాలె.

మన దిక్కుకు ఇంతకన్నా ముందు రావల్సింది రైలు. మనోహరాబాద్–కొత్తపల్లి లైన్ 151 కిలోమీటర్లు. 2016లో శంకుస్థాపన, 2023 అక్టోబర్‌లో సిద్దిపేట దాకా బండి వచ్చింది. అది సిరిసిల్ల దాటి కొత్తపల్లి కలిస్తే గల్ఫ్ పోయెటోళ్లకే కాదు, వడ్లకు, బట్టకు, దవాఖానకు పోయెటోళ్లకు కూడా తొవ్వ దొరుకుతది. అప్పటిదాకా సిరిసిల్ల నుంచి రాత్రిపూట నేరుగా శంషాబాద్‌కు ఒక ఆర్టీసీ బస్సు వేసినా చానా మందికి కిరాయి జీపు ఖర్చు తప్పుతది.

ఓట్లకు వచ్చిన లీడర్ ఎయిర్‌పోర్టు ముచ్చట చెప్తే చప్పట్లు కొట్టకుండ్రి. "మా ఊరి బస్టాండ్ నుంచి ఎన్ని గంటలు?" అని అడుగుండ్రి. మీ ఊరి నుంచి శంషాబాద్‌కు ఎంతసేపు, ఎంత కిరాయి అయితున్నదో కింద రాయండి. అందరివి కలిపి వినతిపత్రం ఇద్దాం.