తీగ కింది రైతుకు కౌలేది?

సోలార్ ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది. దాని కరెంటును మోసే హైటెన్షన్ లైనుకు మూడేళ్లు, ఒక్కోసారి ఐదేళ్లు. ఈ సంగతి తెలియని ఇంజనీరు ఉండడు. అయినా ముందు ప్యానెళ్లు పరుస్తారు, శంకుస్థాపన ఫొటోలు దిగుతారు. ఫలితం రాజస్థాన్‌లో చూడండి: ఎండ మండే మిట్టమధ్యాహ్నం, మోసే తీగ లేక ప్లాంట్లను ఆపమంటున్నారు. పొద్దుగూకితే మళ్లీ బొగ్గే దిక్కు.

2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్తు కోసం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులోనే 2.44 లక్షల కోట్ల రూపాయల లైన్ల ప్రణాళిక వేసింది. పనులెందుకు సాగవయ్యా అంటే ఒకటే పాట: రైతులు అడ్డుపడుతున్నారు!

పడరా మరి? 765 కేవీ లైను కారిడార్ వెడల్పు 67 మీటర్లు. పొలంలో వంద మీటర్లు సాగిందంటే ఎకరంన్నరకు పైనే దాని కిందికి పోయింది. అక్కడ మామిడి పెట్టకూడదు, కొబ్బరి పెట్టకూడదు, ఇల్లు కట్టకూడదు. పట్టా మాత్రం రైతు పేరనే ఉంటుందట, ఎంత దయ! ఆ నేల కొనేదెవరు? 2015 మార్గదర్శకాలు దీనికి కట్టిన వెల భూమి విలువలో మహా అయితే 15 శాతం. 2024 జూన్‌లో 30 చేశారు, టవర్ కాళ్ల కింది నేలకు రెట్టింపు విలువన్నారు. అదీ రాష్ట్రం ఒప్పుకుంటేనే. కాదన్న రైతు మీదికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలతో దిగుతారు. టెలిగ్రామ్ 2013లోనే పోయింది, ఆ చట్టం కోరలు పోలేదు.

పక్క పొలంలో ప్యానెళ్లకు భూమిచ్చినవాడికి ఏటేటా కౌలు. 2025 జూన్ 30లోగా ఉత్పత్తి మొదలుపెట్టిన సోలార్, విండ్ కంపెనీలకు అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీలే మాఫీ. సర్కారుకు చెయ్యి రానిది తీగ కిందివాడి దగ్గరే.

తీగలే వద్దనేవాళ్లతో నాకు పొత్తు లేదు. రాయచూరు–షోలాపూర్ లైనుతో 2013 డిసెంబరు 31న దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలవకముందు, ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలిచ్చిన రోజులు మరిచిపోయామా? లైన్లు పడాలి, త్వరగా పడాలి. అందుకే అంటున్నా: లైను టెండరు పిలిచాకే ప్లాంటు టెండరు పిలవండి. తీగ ఉన్నన్నాళ్లూ రైతుకు ఏటా కౌలివ్వండి, ఆ ఖర్చును బాహాటంగా ట్రాన్స్‌మిషన్ ఛార్జీల్లోనే వెయ్యండి. భారమంటారా? ఆపేసిన ప్లాంట్లలో మధ్యాహ్నం మధ్యాహ్నం పోతున్న యూనిట్ల ఖరీదు ముందు చెప్పండి.