కథలో నీతి ఎక్కడ ఉంది?

‘ఈ కథలోని నీతి ఏమిటి?’ అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం రాయడం మనకు చిన్ననాటి నుండి అలవాటు. ‘ఐకమత్యమే బలం’ అని రాస్తాం. మార్కులు వస్తాయి. కథను మరచిపోతాం. నీతి అంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నదనుకుంటే, వాక్యం చాలు గదా! ఇక కథ ఎందుకు?

పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన ‘నీతిచంద్రిక’లోని మిత్రలాభాన్ని గమనించండి. నిర్జనమైన అడవిలో నూకలు ఎలా వచ్చాయని పావురాల రాజు చిత్రగ్రీవుడు హెచ్చరించినా, ఒక పావురం మాట విని తక్కినవి నేలకు దిగి వలలో చిక్కుకుంటాయి. అప్పుడు అన్నీ ఆ పావురాన్ని నిందిస్తాయి. ‘నేను ముందే చెప్పలేదా’ అనడానికి రాజుకు అది మంచి అదను. కానీ అతడు ఆ మాట అనడు. నిందను ఆపి, అందరూ ఒక్కటిగా ఎగిరే ఉపాయం చెబుతాడు. మిత్రుడైన హిరణ్యకుడనే ఎలుక ముందుగా అతని బంధాలనే కొరకబోతే, తన పరివారాన్ని మొదట విడిపించమంటాడు. తనను తాను రక్షించుకోవడమే ముందు నీతి అని ఎలుక వాదిస్తుంది. ఆశ్రితులను విడిచి బ్రతకడం తగదని రాజు బదులు చెబుతాడు. ఇక్కడ ఉన్నవి రెండు నీతులు. వాటిలో ఏది గొప్పదో తేల్చుకునే భారం పాఠకునిదే. ‘ఐకమత్యం’ అన్న ఒక్క మాటలో ఈ సంపద అంతా ఇముడుతుందా?

గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’లో కమలిని భర్తను ఒక్క మాట కూడా తూలనాడదు. ఒక ఉత్తరం, చివర ఒక నవ్వు అతన్ని దిద్దుతాయి. భార్య కనిపించక గోపాలరావు పనివాడైన రాముడిపై చేయి చేసుకునే ఘట్టం కూడా అందులో ఉంది. తప్పు ఒకరిది, దెబ్బ మరొకరికి. శ్రద్ధగా చదివినవారికి ఆ చిన్న ఘట్టం కూడా పాఠమే.

‘పూర్ణమ్మ’ కథాగేయం మరింత లోతుగా తాకుతుంది. డబ్బుకు ఆశపడి పసిపిల్లను ముసలివానికి కట్టబెట్టినవారు శత్రువులు కారు, కన్నవారే. బాల్యవివాహాలను అరికట్టే చట్టం 1929లో వచ్చింది. 2006లో మరింత కట్టుదిట్టంగా వచ్చింది. అయినా నేటికీ చదువు మానిపించి పెళ్లి చేస్తున్న ఇళ్లు ఉన్నాయి. చట్టం శిక్షకు భయపడమంటుంది. గేయం ఆ పిల్ల కన్నీటిని మన కన్నీరుగా చేస్తుంది. మీ తోటి విద్యార్థిని హఠాత్తుగా కళాశాలకు రావడం మానివేసిననాడు, ఎందుకని అడిగే ధైర్యం మీకు కలిగితే, పూర్ణమ్మను మీరు నిజంగా చదివినట్లు.

సాహిత్యం ఆనందం కోసమే గాని నీతి కోసం కాదని కొందరంటారు. బలవంతంగా అతికించిన నీతి కథను చంపుతుందన్నది నిజమే. కానీ పాత్రల సుఖదుఃఖాలలో నుండి సహజంగా పుట్టిన నీతి ఆనందానికి అడ్డురాదు. అలాగని పాతదంతా శిరోధార్యమూ కాదు. స్త్రీలను చులకన చేసే పద్యాలు మన శతకాలలో లేకపోలేదు. వాటిని కంఠస్థం చేయడం కంటే ప్రశ్నించడమే విజ్ఞత. పెద్దల మాటను గౌరవించడం, దానిని వివేకంతో పరీక్షించడం పరస్పర విరుద్ధాలు కావు.

కనుక విద్యార్థులారా! కథ ముగిసిన వెంటనే నీతివాక్యం కోసం తొందరపడకండి. ఎవరు ఎవరిని నొప్పించారు? ఎవరు మౌనంగా ఉన్నారు? ఆ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణి, ఏం చేసేదాన్ని? అని ప్రశ్నించుకోండి. జవాబు పత్రంలో రాసిన నీతి పరీక్షతో ముగుస్తుంది. మనస్సులో నిలిచిన ప్రశ్న జీవితమంతా వెంట ఉంటుంది.