డ్రమ్ము ఒక్కటే చాలదు

‘జీవామృతం పోశానండీ, దిగుబడి మాత్రం పడిపోయింది’ అని వాపోయే రైతులు కనిపిస్తున్నారు. వాళ్లది అబద్ధం కాదు. అయితే జీవామృతాన్ని పట్టుకుని ‘ఇదే యూరియాకు బదులు’ అని చెప్పినవాళ్లది మాత్రం తప్పే.

లెక్క చూడండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి వేస్తాం. పచ్చి పేడలో నత్రజని నూటికి అరపాలు కూడా ఉండదు. మూత్రంలోదీ పిండిలోదీ కలుపుకున్నా డ్రమ్ము మొత్తానికి పావుకిలో దాటడం కష్టం. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు. ఈ రెండింటికీ పోటీ పెట్టడమేమిటి?

డ్రమ్ములో తయారయ్యేది ఎరువు కాదు, సూక్ష్మజీవులు. నీడన ఉంచి, గోనెపట్టా కప్పి, పూటపూటా కర్రతో కలియతిప్పితే రెండో రోజుకు పైన నురగ కడుతుంది, పులిసిన బెల్లం వాసన వస్తుంది. పని మొదలైందన్నమాట. అది పాలలో వేసే తోడులాంటిది. పాలే లేని గిన్నెలో తోడేస్తే పెరుగెలా వస్తుంది? నేలలో ఆకూ అలమూ, గడ్డీ గాదం, పశువుల ఎరువు ఉంటేనే ఆ జీవులకు తిండి. జీవామృతాన్ని ప్రచారంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ చెప్పిందీ ఇదే. జీవామృతంతో పాటు ఆచ్ఛాదన, అంటే నేలను కప్పి ఉంచడం, ఆయన పద్ధతిలో విడదీయలేని భాగం. మనం డ్రమ్మును పట్టుకుని ఆచ్ఛాదనను వదిలేశాం, అది ఫొటోలో అంత బాగా పడదు కాబట్టి కావచ్చు!

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సేద్యం 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం దాకా వెళ్లింది. అందులో నాకు నచ్చింది ద్రవాల కంటే తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచాలన్న పట్టుదల.

కానీ కౌలు రైతు సంగతేమిటి? నేల బాగుపడడానికి ఏళ్లు పడుతుంది, అతని ఒప్పందమేమో ఏడాదికే. ఇంట్లో గొడ్డూ ఉండదు. కష్టపడి నేలను గుల్లబరిస్తే మరుసటేడు దాన్ని ఇంకొకరు ఎక్కువ కౌలుకు ఎత్తుకుపోతారు. అధికారులు ఎన్ని డ్రమ్ములు పంచామో లెక్క చెబుతారు గానీ దీనికి జవాబు చెప్పరు.

ఇంకో మాట. ఇంట్లో కలిపిన జీవామృతాన్ని వారంలోపే వాడేయాలి. ఏడాది నిల్వ ఉంటుందంటూ దుకాణంలో అదే పేరుతో సీసా చూపిస్తే అనుమానించండి. డ్రిప్పులో వదిలేవాళ్లు గుడ్డతో రెండుసార్లు వడకట్టండి, పేడ పీచు అడ్డుపడితే ఆ బాధ చెప్పనలవి కాదు.

ఈసారి వరి కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకండి. మట్టి పరీక్ష కార్డు తీసి సేంద్రియ కర్బనం గడి చూడండి. అది 0.5 శాతం లోపు ఉంటే ముందు జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లి పూతకు రాగానే కలియదున్నండి. డ్రమ్ము ఆ తర్వాత కలుపుకోవచ్చు.