ఒకే లెన్సు వ్రతం

ఫొటోలు తీసే మిత్రులు ఇద్దరు కలిస్తే మాటలు లెన్సుల మీదికి పోకుండా వుండవు. ఎవరి సంచీ ఎంత బరువైతే వారికంత గౌరవం! ఇవాళ జేబులో పట్టే సెల్‌ఫోనుకు కూడా రెండు మూడు లెన్సులుంటున్నాయి. ఇలాంటి రోజుల్లో, "పదేళ్లపాటు మా వీధిని ఒకే ఒక్క లెన్సుతో తీస్తాను" అని ఎవరైనా అంటే వెర్రివాడికింద జమకడతారు. కాని నన్నడిగితే ఆ వెర్రిలో వివేకమే ఎక్కువ.

సంగతేమిటంటే, లెన్సు మారితే మీరు నిలబడే చోటు కూడా మారుతుంది. వెడల్పుగా చూసే లెన్సుతో ముఖం తీయాలంటే బాగా దగ్గరకు పోవాలి; ముక్కు పెద్దదై, చెవులు వెనక్కు పోతాయి. దూరాన్ని దగ్గరకు లాగే లెన్సయితే అల్లంత దూరాన నిలబడవచ్చు. ముఖం చదునుగా పడుతుంది. ఒకే మనిషిని ఈ ఏడు ఒకదానితో, పైయేడు మరొకదానితో తీస్తే మారింది మనిషో, లెన్సో తేల్చడం కష్టం.

50 మిల్లీమీటర్ల లెన్సు సంగతి చూడండి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరాకు దాన్ని తగిలించి నిలువుగా పట్టుకుంటే, పది అడుగుల దూరాన సుమారు ఏడడుగుల ఎత్తు పడుతుంది. అంటే మనిషి ఆపాదమస్తకం వస్తాడన్నమాట. కొన్నాళ్లు అలవాటైతే, ఎక్కడ నిలబడాలో కాళ్లకే తెలిసిపోతుంది. 1948లో గాంధీజీ అంత్యక్రియలను చిత్రించిన ఫ్రెంచి ఫొటోగ్రాఫరు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ జీవితకాలపు పనిలో చాలాభాగం ఈ 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే సాగింది.

మార్పు చూపించాలంటే ఏదో ఒకటి మారకుండా వుండాలి. అమెరికాలో నికొలస్ నిక్సన్ తన భార్యనూ, ఆమె ముగ్గురు చెల్లెళ్లనూ 1975 నుంచి 2022 దాకా ఏడాదికొక చిత్రం చొప్పున వెలువరించాడు. అదే పెద్ద కెమేరా, వాళ్లు నిలబడే వరుస కూడా అదే. అందుకే ఆ చిత్రాల్లో మనకు కనిపించేది కాలం ఒక్కటే.

మరి నష్టం లేదా? లేకేం! ఇరుకు సందులో గాలిగోపురం పూర్తిగా పట్టదు. చెరువు నడుమ కొంగ చుక్కంతవుతుంది. ఆ చిత్రాలు వదులుకోవలసిందే. ఆశ చావక ఒక్కసారి మరో లెన్సు తగిలించారా, ఆ బొమ్మ ఎంత బాగున్నా మిగతావాటి పంక్తిలో కూర్చోదు.

కనుక వ్రతం పట్టకముందే ఆలోచించుకోండి. మీ పాత చిత్రాలు ముందేసుకుని, ఏ దూరంలో నిలబడడం మీకు సహజమో చూసుకోండి. దాన్నిబట్టి లెన్సు ఎన్నుకోండి. జూమ్ లెన్సే వుంటే ఒక అంకె దగ్గర టేపు అంటించేయండి. తేదీ, చోటు, దూరం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

అయితే ఆలోచన పేరుతో ఏళ్లు గడపకండి. మీ వీధిలో ఆ పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టేశాక, ప్రపంచంలోని లెన్సులన్నీ తెచ్చినా దాన్ని మళ్లీ తీయలేరు. చేతిలో వున్నదాంతో రేపే మొదలుపెట్టడం మంచిది.