మోరీ అందరిది, చావు మాత్రం మనదా?

హైదరాబాద్ అమీర్‌పేట పేరు తెలియని ఊరు లేదు. డిగ్రీ అయిపోయిన మన పిల్లలు కంప్యూటర్ కోర్సులకు మూటాముల్లె సర్దుకుని పోయేది అక్కడికే. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వెనక గల్లీల్లో హాస్టళ్లు. అక్కణ్ణుంచి కాస్త ముందుకు పోతే పంజాగుట్ట. నిమ్స్ ఆస్పత్రి, పెద్ద షాపులు, అపార్ట్‌మెంట్లు. ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు హాస్టలైంది, పదుల మంది ఉంటున్నారు. చాలాచోట్ల మోరీ పైపు మాత్రం పాతదే. హోటళ్ల నూనె జిడ్డు, ప్లాస్టిక్ సంచులు, గుడ్డపేలికలు అన్నీ అందులోకే. ఒక గట్టి వాన పడితే చాలు, మ్యాన్‌హోల్ పొంగి మురుగు గుమ్మం దాకా వస్తుంది.

అప్పుడు ఇంటి ఓనరు ఏమంటాడు? "ఎవరన్నా మనిషిని పిలవండి" అంటాడు.

ఈ మాట దగ్గర మనం కాస్త ఆగాలి. కరెంటు పోతే ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాడు. లిఫ్టు ఆగితే మెకానిక్‌ని పిలుస్తాడు. మోరీ జామైతే మాత్రం "మనిషి" కావాలి. ఆ మనిషికి పని వచ్చా, పనిముట్లు ఉన్నాయా అని అడగడు. పేరు కూడా అడగడు. కులం అడగాల్సిన పనే లేదు, ముందే తెలుసు. మాదిగ, మాల, రెల్లి, మెహతర్ ఇళ్లలో పుట్టడమే దానికి సర్టిఫికెట్టు. ఈ దేశంలో పాకీవాడు చేసే పని వల్ల కాదు, పుట్టుక వల్ల పాకీవాడవుతాడని బాబాసాహెబ్ ఎప్పుడో తేల్చి చెప్పారు. అడ్డా మీద నిలబడ్డ మనవాణ్ణి తీసుకొస్తారు. వెదురు బద్ద, బకెట్టు, తాడు చేతికిస్తారు. కంపు తెలియకుండా ఉండాలని ఓ క్వార్టర్ కూడా పోయిస్తారు.

లోపల ఏముంటుందో మనవాళ్లందరికీ తెలియాలి. మురుగు కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. తక్కువగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా, గ్యాస్ పోయిందనుకుని దిగుతాడు. గ్యాస్ మరీ ఎక్కువుంటే రెండు గుక్కల్లోనే కుప్పకూలతాడు. పైనున్నవాడు తోటివాణ్ణి కాపాడాలని దూకుతాడు, అతనూ పోతాడు. అందుకే ఇక్కడ చావులు జంటలుగా, గుంపులుగా వస్తాయి. 2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీ మ్యాన్‌హోల్‌లో నలుగురు పోయారు. 2021 జూలై నెలాఖర్లో, పాకీ పని వల్ల చావులేవీ తమ దృష్టికి రాలేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఆ వెంటనే ఆగస్టు మొదట్లో వనస్థలిపురం దగ్గర సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట డ్రైనేజీలోకి దిగిన ఇద్దరు తిరిగి రాలేదు. అదే ఏడాది నవంబర్లో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెప్టిక్ ట్యాంకులో మరో ఇద్దరు. ఢిల్లీలో లెక్క సున్నా, మన వాడల్లో మాత్రం శవాలు!

చట్టం లేదా అంటే ఉంది. 1993లో ఒకటి వచ్చింది. అది కాగితం మీదే ఉండిపోతే, కోలార్ బంగారు గనుల్లో పుట్టిన మన తెలుగు దళిత బిడ్డ బెజవాడ విల్సన్, రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ లాంటివాళ్లు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. మరుసటేడు మార్చిలో కోర్టు, 1993 నుంచి మ్యాన్‌హోళ్లలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్లో దాన్ని 30 లక్షలకు పెంచింది. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో ఈ పని ఆపాలని ఆదేశించింది.

అయినా ఎందుకు ఆగదు? చట్టంలోనే ఒక కంత ఉంది. రక్షణ సామగ్రి లేకుండా దించితేనే అది "ప్రమాదకరమైన శుభ్రత" అని 2013 చట్టం అంటుంది. అంటే ముక్కుకు మాస్కు తగిలించి దించితే పాపం లేదన్నమాట! మేము అడిగేది మంచి మాస్కు కాదు. మనిషి దిగడమే వద్దంటున్నాం.

వేరే దారి లేదనేవాళ్లకు ఒక మాట. జలమండలి 2017లోనే ఇరుకు గల్లీల్లో దూరే చిన్న జెట్టింగ్ మిషన్లు 70 రోడ్డెక్కించింది. నీళ్లను గట్టి ఒత్తిడితో కొట్టి అడ్డం తొలగించే బండ్లు అవి. దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీ తోడ్పాటుతో మనవాళ్లే కొందరు ఆ బండ్లకు ఓనర్లయ్యారు. మోరీలో దిగిన చేతికి స్టీరింగు వచ్చింది. కాబట్టి దారి ఉంది. కానీ మిషన్ కోసం ఆగే ఓపిక ఓనరుకు లేదు. మనిషి చవక, పైగా వెంటనే దొరుకుతాడు.

ఇక చేయాల్సింది. నగరంలో ఉన్న మన పిల్లలూ, కార్యకర్తలూ వినండి. మీ హాస్టల్ మోరీ జామైతే జలమండలి 155313కు ఫోన్ చేసి మిషన్ పంపమనండి. రోడ్డు మీది మ్యాన్‌హోల్ జలమండలి బాధ్యత. ఆవరణలోపలి చాంబర్ ఓనరు బాధ్యత. అక్కడ కూడా పైనుంచి రాడ్డుతోనో మిషన్‌తోనో పని జరగాలి. కోర్సు కోసం వచ్చిన తమ్ముడు ఉండే గదికింద అన్న చావకూడదు.

కూలికి పోయే అన్నలకు చెప్పేది ఒకటే. ఎంతిచ్చినా దిగొద్దు. లోపల ఒకరు పడిపోతే వెనకే దూకొద్దు, ఫైరింజన్‌కు ఫోన్ చేయండి. ఉత్త చేతులతో దించినవాడికి మొదటిసారి 2 ఏళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిల్ హక్కుగా దొరకని నేరం. "నాకు తెలీదు, కాంట్రాక్టరు తెచ్చాడు" అనే ఓనరు తప్పించుకోలేడు. నేరుగా పెట్టుకున్నా, ఇంకొకరి ద్వారా పెట్టుకున్నా చట్టానికి ఒకటే.

చావు జరిగితే శవం ముందు కూర్చోబెట్టి చేసే రాజీలకు ఒప్పుకోవద్దు. ప్రమాదమని రాసి చేతులు దులుపుకుంటామంటే కుదరదనండి. 2013 చట్టం కింద కేసు పెట్టించండి. దించింది దళితేతరుడైతే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జె) కూడా చేర్పించండి. 30 లక్షలు దయాధర్మం కాదు, కోర్టు తేల్చిన బాకీ.

అమీర్‌పేట, పంజాగుట్టల పక్క నాలాలు పోయేది హుస్సేన్‌సాగర్ వైపే. ఆ సాగరం దగ్గరే 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలిపారు. దండలు వేయడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ ఆ మెట్ల మీదే ఆపి అడుగుదాం. నీ డివిజన్‌లో మిషన్లెన్ని? దించినవాళ్లలో ఎంతమందిని జైలుకు పంపావు?

మోరీలోకి మిషన్ దిగాలి. మనిషి దిగొద్దు!