పిల్లల రక్షణ చదువుకు పైసలెవరివి?

సికింద్రాబాద్ స్టేషన్ పదో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికి వస్తే బోయిగూడ. ఇల్లు విడిచి వచ్చిన పిల్లలు, పనికోసం ఎవరో వెంటబెట్టుకొచ్చిన పిల్లలు ఇలాంటి స్టేషన్లలోనే దిగుతారు. అలా దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలని 2015 బాలల న్యాయ చట్టం చెబుతోంది. బాగానే ఉంది. ఆ పిల్లకు గోండి, కొలామి, కువి తప్ప మరో భాష రాకపోతే ఆమె గోడు వినేదెవరు?

నేను అడిగేది సూటిగా చెబుతాను. ఆ కొలువుల్లో మన యువత ఉండాలి. దానికి కావలసిన సోషల్ వర్క్ చదువు ఖర్చు మొత్తం ప్రభుత్వమే పెట్టాలి. చదివాక పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వాలి.

ఎందుకంత పట్టు? దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొని దత్తత పేరుతో అమ్ముకున్న వ్యాపారం 1999లో, మళ్ళీ 2001లో బయటపడింది. బిడ్డను వదులుకుంటున్నామని కాగితాలు మాత్రం రాయించారు. ఆ తల్లితో ఆమె భాషలో మాట్లాడి, కాన్పుకు ముందే ఆమె ఇబ్బంది తెలుసుకున్న మనిషే లేడు. లంబాడాల రిజర్వేషన్ మీద మన వాదన వేరు, తల్లి కడుపుకోత వేరు. ఇవాళ తండాకు జరిగింది రేపు గూడేనికి జరగదని ఎవరు చెప్పగలరు?

2009లో ఐసీపీఎస్‌గా మొదలై ఇప్పుడు మిషన్ వాత్సల్యగా నడుస్తున్న పథకంలో జిల్లాకో బాలల రక్షణ యూనిట్ ఉంది. అందులో కౌన్సెలర్, సోషల్ వర్కర్, ఔట్‌రీచ్ వర్కర్ ఉంటారు. అన్నీ కాంట్రాక్టు కొలువులే. పిల్ల బతుకును నిర్ణయించే రిపోర్టు రాసే మనిషికి వచ్చే ఏడాది తన బతుకేమిటో తెలియదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఫీజు ఒక్కటే చదువా? సోషల్ వర్క్ కోర్సులో వారంలో కొన్ని రోజులు ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి. బస్సు చార్జీలు సొంతం. పార్ట్‌టైం పనికి వెళ్ళే వీలుండదు. హాస్టల్, మెస్ ఖర్చు కట్టలేకే చాలామంది మధ్యలో ఆగిపోతారు. 2018 ఫిబ్రవరిలో టాటా ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు హైదరాబాద్‌తో సహా నాలుగు క్యాంపస్‌లలో సమ్మెకు దిగింది ఈ హాస్టల్, మెస్ రాయితీ ఎత్తేసినందుకే.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో మూలవాసీ పిల్లల్లో కనీసం పావు వంతు మంది సొంత ఇళ్ళకు దూరమయ్యారని తేలాక, వాళ్ళను అయినవాళ్ళ దగ్గరే, సొంత తెగలోనే ఉంచాలని 1978లో చట్టం చేశారు. 1980లో వచ్చిన మరో చట్టం కింద, ప్రభుత్వ శిశు సంక్షేమ శాఖలో చేరబోయే వారి శిక్షణ ఖర్చులో 75 శాతం కేంద్రమే ఇస్తోంది. ఆ సాయంతో చదివినవారు కొంతకాలం ఆ శాఖలో పనిచేయాలి.

బాండ్ రాయించుకుంటే అది వెట్టే కదా అని ఒక తమ్ముడు అడగవచ్చు. రెండేళ్ళు చదివించి, పూర్తి జీతంతో సొంత ప్రాంతంలో రెండేళ్ళు పనిచేయమంటే వెట్టి కాదు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టులో వేలాడదీయడమే వెట్టికి దగ్గర.

డబ్బు లేదన్న మాటా చెల్లదు. తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఎస్టీల వాటా ఎస్టీలకే ఖర్చుపెట్టాలన్నది దాని ఉద్దేశం. మన పిల్లల రక్షణ కన్నా ఎస్టీల పని ఇంకేముంటుంది?

టీచర్ ట్రైనింగ్ చేసిన మా తరానికి జీవో 3 విలువ తెలుసు. 2000లో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. బడిలో పిల్లవాడి భాష తెలిసిన పంతులు నిలబడ్డాడు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. జీవో పోయినా మనం చదివిన చదువు పోలేదు. అందుకే ముందు చదువు కావాలంటున్నాను.

టీచర్లారా, ఇంటర్ పాసైన పిల్లలకు నర్సింగ్, డీఎడ్‌తో పాటు ఈ చదువు గురించీ చెప్పండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, గ్రామసభలో తీర్మానం చేయించి ఐటీడీఏకు పంపండి. మన పిల్ల తప్పిపోయాక దుబాసీ కోసం వెతకడం కాదు, మన మనిషిని ఇప్పుడే చదివించుకోవాలి.